చేతులు తిమ్మిరెక్కుతుంటే గ్లవ్స్ కొనకండి, ముందు హ్యాండిల్ చూడండి

ఇవాళ షూటింగ్ మా ఇంటి హాల్లోనే. స్టాండ్ మీద నా రోడ్ బైక్ ఉంది, కింద పాత దుప్పటి పరిచాను, పక్కన నాలుగు అలెన్ కీలు పెట్టుకున్నాను. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, అమ్మ పప్పు పెట్టింది.

పోయిన ఎపిసోడ్ తర్వాత నాకు వచ్చిన మెసేజ్‌లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న. "అన్నా, గంట తొక్కేసరికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, ఏ గ్లవ్స్ కొనమంటావ్?" ఇదే ప్రశ్న మూడేళ్ల కింద నేనూ అందర్నీ అడిగాను. జెల్ గ్లవ్స్ కొన్నాను. తగ్గలేదు. బార్ టేప్ మీద ఇంకో టేప్ చుట్టించాను. హ్యాండిల్ రోకలిబండంత లావైంది కానీ తిమ్మిరి మాత్రం తగ్గలేదు. చివరికి తగ్గింది దేంతోనో తెలుసా? ఇదిగో, ఈ అయిదు మిల్లీమీటర్ల అలెన్ కీతో. కాకపోతే ఆ సంగతి తెలిసేలోపు నేను కొంచెం మూల్యం చెల్లించాను. ముందు అది చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని 'కంఫర్ట్' విషయం అనుకుంటారు. కాదు. ఇది బ్రేక్ పడటం, పడకపోవడం విషయం.

అప్పట్లో నేను మొదటిసారి 300 కిలోమీటర్ల బ్రెవే తొక్కాను. తెలియని వాళ్లకోసం, బ్రెవే అంటే రేసు కాదు, టైమ్ లిమిట్‌లోపల పూర్తి చేయాలి, అంతే. 200కి పదమూడున్నర గంటలు, 300కి 20 గంటలు. రాత్రంతా తొక్కాను. ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు అర్ధరాత్రికే మొద్దుబారిపోయాయి. అందరికీ అవుతుందిలే అనుకుని చేయి దులుపుకుంటూ తొక్కేశాను. ఇంటికొచ్చి తలుపు తాళం తీయబోతే తాళంచెవి తిరగదు! వేళ్లు ఉన్నాయి, కనిపిస్తున్నాయి, కానీ బిగించి పట్టే బలం లేదు. ఆ రోజు కుడిచేయీ అంతంతమాత్రమే. అన్నం కలిపితే ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. అమ్మ చూసి ఏమీ అనలేదు, స్పూన్ తెచ్చి పెట్టింది. ఆ స్పూన్ చూస్తే నాకు భయమేసింది.

అయినా బుద్ధి రాలేదు. రెండు వారాలు ఆగి, కొంచెం తగ్గిందనుకుని, ఆదివారం ఫ్రెండ్స్‌తో వికారాబాద్ వెళ్లాను. అనంతగిరి నుంచి దిగుతున్నాం. తెల్లవారుజాము, రోడ్డు తడిగా ఉంది. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా గేదెలు, అయిదో ఆరో, తాపీగా రోడ్డు దాటుతున్నాయి. చేతులు హుడ్స్ మీదే ఉన్నాయి. బ్రేక్ నొక్కాలని మెదడు చెప్పింది, వేళ్లు లివర్ దాకా పోయాయి, కానీ కొసలు మాత్రమే అందాయి. బలం రాలేదు. గేదెకీ నాకూ మధ్య రెండు అడుగులు మిగిలాయి అంతే. గేదె నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, 'ఏందిరా నీ తొందర' అన్నట్టు.

ఆ రోజు ఇంటికొచ్చాక మొదటిసారి సైకిల్‌ని పక్కనుంచి ఫోటో తీసి చూసుకున్నాను. హుడ్స్ ముందుకి, కిందికి వాలి ఉన్నాయి. అరచేయి జారుతూ ఉంటుంది కాబట్టి నేను పగలంతా చేతులతో నన్ను నేను వెనక్కి తోసుకుంటున్నాను. అదీ అసలు కథ.

ఇది ఎందుకు ఇంత మందికి జరుగుతుందంటే, రోడ్ బైక్ ఎక్కువగా అట్టపెట్టెలో వస్తుంది. అందులో హ్యాండిల్ విప్పేసి, ఫ్రేమ్ పక్కన కట్టి ఉంటుంది. షాపులో ఎవరో ఒకరు తీసి బిగిస్తారు. ఆ బిగించే అబ్బాయికి మీ చేయి ఎంత పొడవో, మీ నడుము ఎంత వంగుతుందో తెలియదు. కంటికి బాగుంటే బిగించేస్తాడు. నాకు అమ్మిన చోట కూడా అంతే, తప్పుపట్టి లాభం లేదు. కొన్న రోజు నేనూ రంగు చూశాను తప్ప హ్యాండిల్ చూడలేదు.

సరే, ఇప్పుడు చేతిలో ఏం జరుగుతుందో ఒక్క నిమిషం. మీ అరచేయి చూడండి. చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర, కొంచెం ఉబ్బుగా ఉంటుంది కదా, దాని కింద నుంచి అల్నార్ నరం పోతుంది. చిటికెన వేలికి మొత్తం, ఉంగరం వేలికి సగం స్పర్శ దాన్నుంచే. వేళ్లను దగ్గరికి తెచ్చి బిగించే చిన్న కండరాల్లో చాలావాటిని నడిపేదీ అదే. అందుకే నాకు తాళంచెవి తిరగలేదు. మీ ఒంటి బరువు గంటల తరబడి ఆ ఉబ్బు మీద పడితే ఆ నరం నలుగుతుంది. ఇక బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అది వేరే నరం, మీడియన్ నరం. అది మణికట్టు మధ్యలోంచి పోతుంది. మణికట్టు వెనక్కి మడిచి పెట్టినప్పుడు, అంటే మోటార్ సైకిల్ యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినట్టు చేయి విరిచి ఉన్నప్పుడు, దాని మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. చిటికెన వేలి వైపు అయితే బరువు అరచేతి బయటి అంచు మీద పడుతోంది. బొటనవేలి వైపు అయితే మణికట్టు వంగి ఉంది.

ఇంకో మాట. సైకిల్ దిగి పడుకుని లేచినా తిమ్మిరి అలాగే ఉంటే, లేదా వస్తువులు చేతిలోంచి జారిపోతుంటే, ఈ వీడియో ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను వెళ్లాల్సిన టైమ్‌కి వెళ్లలేదు.

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. (సైకిల్ పక్కకి జరిగి) హ్యాండిల్ పైన అడ్డంగా ఉన్న భాగాన్ని టాప్స్ అంటాం. కిందకి వంగిన కొమ్ముల్లాంటివి డ్రాప్స్. ముందు రబ్బరు తొడుగు ఉన్న ముట్టె లాంటిది హుడ్. మనం రోడ్డు మీద ఉన్నంతసేపూ ఎక్కువగా చేతులు ఉండేది ఈ హుడ్స్ మీదే. పాతకాలం రేసు సైకిళ్లలో గేర్ మార్చే లివర్లు కింద ఫ్రేమ్ గొట్టం మీద ఉండేవి, హుడ్ అంటే బ్రేక్ కోసమే. 1990లో షిమానో వాళ్లు గేర్ షిఫ్టర్ని బ్రేక్ లివర్‌లోనే కలిపేశారు. అక్కణ్ణుంచి గేర్ కోసం చేయి తీయాల్సిన పని పోయింది, హుడ్ ఇల్లయిపోయింది. హుడ్ పొడవు పెరిగింది, పైభాగం వెడల్పయింది. అందుకే పాత తాతల సలహాలు కొన్ని ఇప్పటి హ్యాండిల్‌కి పనిచేయవు. ఉదాహరణకి, 'హుడ్స్ పట్టుకుని కిందికి చూస్తే ముందు చక్రం హబ్ హ్యాండిల్ వెనక దాగిపోవాలి' అని ఒకటి చెబుతారు. అది మీరు మెడ ఎంత వంచారన్నదాని మీద మారిపోతుంది. దాన్ని నమ్మి స్టెమ్ మార్చకండి.

హ్యాండిల్ ముట్టుకునే ముందు సీటు. అవును, సీటే. చేతుల తిమ్మిరికి సీటుకీ ఏం సంబంధం అంటారేమో. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మీరు ముందుకి జారుతుంటారు, ఆపేది చేతులే. జారుడుబండ మీద కూర్చుని చేతులతో ఆపుకున్నట్టు. సైకిల్ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటు మీద ఒక గట్టి పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ చూడండి. మేస్త్రీలు రసమట్టం పెట్టి చూస్తారే, అదే పని. సున్నా దగ్గర మొదలుపెట్టండి. ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉన్నా కొందరికి బాగానే ఉంటుంది. నాది అయిదు ఉంది! సీటు ఎత్తు, సీటు ముందూ వెనకా కూడా ముందే తేల్చుకోవాలి. సీటు కదిలితే హ్యాండిల్ దూరం మారిపోతుంది, మళ్లీ మొదటికొస్తాం.

సీటు అయింది. ఇప్పుడు ఫోన్‌తో రెండు ఫోటోలు తీయండి, ఒకటి పక్కనుంచి, ఒకటి ముందునుంచి. బోల్ట్ విప్పకముందే. తర్వాత 'అరే, ఇంతకుముందే బాగుందే' అనిపిస్తే వెనక్కి పోవడానికి దారి ఉండాలి. స్టెమ్ దగ్గర హ్యాండిల్ మీద చిన్న ఇన్సులేషన్ టేప్ ముక్క కూడా అంటించండి, గుర్తుగా.

ఇక్కడ రెండు వేరు వేరు పనులున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి, మొత్తం హ్యాండిల్‌ని స్టెమ్‌లో తిప్పడం. రెండోది, హ్యాండిల్ వంపు మీద హుడ్‌ని పైకీ కిందికీ జరపడం. హుడ్స్ కిందికి వాలాయి అని హ్యాండిల్ మొత్తాన్ని పైకి తిప్పేస్తే హుడ్స్ అయితే లేస్తాయి, కానీ డ్రాప్స్ చివర్లు నేలవైపు చూస్తాయి. అప్పుడు డ్రాప్స్ పట్టుకుంటే మణికట్టు విరుగుతుంది. ఒక చోట బాగుచేసి ఇంకో చోట చెడగొట్టినట్టు. అలాగే హుడ్స్ మాత్రమే బాగా పైకి జరిపేస్తే హుడ్ మీద హాయిగా ఉంటుంది, కానీ డ్రాప్స్ నుంచి బ్రేక్ అందదు. రెండింటికీ మధ్య బేరం కుదుర్చుకోవాలి.

కాబట్టి ముందు హ్యాండిల్. స్టెమ్ ముందు మూతకి నాలుగు బోల్టులుంటాయి, కొన్నిటికి రెండు. వాటిని మాత్రమే కొంచెం వదులు చేయండి. ఫోర్క్ గొట్టం దగ్గర స్టెమ్ పక్కన ఉన్న రెండు బోల్టులు, పైన ఉన్న టోపీ బోల్టు, ఇవి వేరే పనికి. వాటిని ముట్టుకోవద్దు. మా తమ్ముడు ఒకసారి ఆ టోపీ విప్పి, 'అన్నా, హ్యాండిల్ లడలడలాడుతోంది' అని ఫోన్ చేశాడు. ఇప్పుడు కెమెరా పట్టుకున్నది వాడే, నవ్వుతున్నాడు చూడండి.

హ్యాండిల్ తిరిగేలా వదులయ్యాక, డ్రాప్స్ చివరి భాగం నేలకి సమాంతరంగా పెట్టండి. అక్కణ్ణుంచి కావాలంటే చివర్లు కొంచెం కిందికి, ఒక పది డిగ్రీల లోపు వాలనివ్వచ్చు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువ సైకిళ్లకి కాంపాక్ట్ హ్యాండిల్ వస్తోంది. ముందుకి 70 నుంచి 80 మి.మీ., కిందికి 120 నుంచి 130 మి.మీ. దాకా ఉంటుంది. పాత రకం వంపు హ్యాండిళ్లు ఇంకా లోతు. మీది కాంపాక్ట్ అయితే టాప్స్ నుంచి హుడ్ మీదికి దారి దాదాపు సమంగా పోయేలా తిప్పితే చాలు, మంచి మొదలు. అక్కడ మెత్తగా బిగించి పెట్టండి.

ఇప్పుడు హుడ్స్. దీనిమీద కాసేపు ఉందాం, ఎందుకంటే తొంభై శాతం సుఖం ఇక్కడే ఉంది. ఇది లెక్కకట్టి చెప్పింది కాదు, నా చేతుల లెక్క.

ఒక పెన్ను తీసుకోండి. నిలబడి, చేయి వదులుగా ముందుకి చాపి, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇవ్వబోతున్నట్టు పెట్టి, పిడికిట్లో పెన్ను పట్టుకోండి. బిగించకండి. పెన్ను నిట్టనిలువుగా ఉందా? లేదు. పై కొన కొంచెం ముందుకి, కొంచెం లోపలికి వాలి ఉంటుంది. మీ చేయి సహజంగా పట్టుకునే కోణం అది. మణికట్టు తిన్నగా, ముంజేతి ఎముకా అరచేయీ ఒకే గీతలో. హుడ్ మీద పట్టు కూడా ఈ గీతని చెడగొట్టకూడదు. అంతే రూలు.

హుడ్ జరపడానికి రబ్బరు తొడుగుని ముందుకి మడవండి, లేదా బయటివైపు రబ్బరు కిందికి కీ దూర్చండి, మోడల్‌ని బట్టి. షిమానో, ఎస్‌ఆర్‌ఏఎమ్ లివర్లలో చాలావాటికి క్లాంప్ బోల్ట్ అయిదు మి.మీ. అలెన్ కీదే. అర చుట్టు, ఒక చుట్టు వదులు చేస్తే లివర్ కదులుతుంది. పూర్తిగా ఊడదీయొద్దు, లోపల నట్టు పడిపోతే టేప్ అంతా విప్పాల్సి వస్తుంది. కొద్దిగా జరపడానికి టేప్ విప్పక్కర్లేదు. ఎక్కువ జరపాలంటే విప్పాల్సిందే. అలా విప్పినప్పుడు వెంటనే కొత్త టేప్ చుట్టకండి. కేబుళ్లని ఇన్సులేషన్ టేప్‌తో అక్కడక్కడా కట్టి, ఒక వారం అలాగే తొక్కండి. చూడ్డానికి రిపేర్ షాపు సైకిల్‌లా ఉంటుంది, ఉండనివ్వండి. కొత్త టేప్ చుట్టిన మర్నాడే 'ఇంకో అయిదు మి.మీ. పైకుంటే బాగుండు' అనిపించడం ఖాయం.

ఇప్పుడు సైకిల్ మీద కూర్చోవాలి. ట్రైనర్ ఉంటే మంచిది. లేకపోతే గోడ పక్కన, లేదా ఫ్రెండ్‌ని ముందు చక్రం కాళ్ల మధ్య పట్టుకోమనండి. పెడల్స్ మీద కాళ్లు పెట్టి, చేతులు పూర్తిగా కిందికి వేలాడేసి, కళ్లు మూసుకుని, మోచేతులు కొంచెం వంచి చేతులు ముందుకి తీసుకురండి. అవి ఎక్కడ వాలాయో చూడండి. హుడ్ మీద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు సరిగ్గా కూర్చోవాలి, బరువు అరచేతి బయటి అంచు మీద కాకుండా ఆ సందుకీ బొటనవేలి కింది కండకీ పంచుకోవాలి. చేయి ముందుకి జారుతుంటే హుడ్ కిందికి వాలింది. మణికట్టు పైకి విరిగి బొటనవేలు ఆకాశం చూస్తుంటే హుడ్ మరీ ఎక్కువ లేచింది. ఒక్కసారికి అయిదు మి.మీ. మించి జరపకండి.

పక్కకి తిప్పే సంగతి. హుడ్‌ని కొంచెం లోపలికి తిప్పితే ముంజేతి గీతతో కలుస్తుంది, చాలామందికి హాయిగా ఉంటుంది. కొంచెం అంటే కొంచెమే, కంటికి కనపడీ కనపడనట్టు. గాలి తక్కువ తగలాలని ప్రో రేసర్లు కొందరు వీటిని బాగా లోపలికి తిప్పేసేవాళ్లు. అలా తిప్పితే బ్రేక్ పట్టు తగ్గుతుంది, హ్యాండిల్ మీద లివర్ క్లాంప్ సరిగ్గా కూర్చోదు. సైక్లింగ్ అంతర్జాతీయ సంస్థ యూసీఐ 2024 నుంచి దానికి హద్దు పెట్టింది. టీవీలో చూసి కాపీ కొట్టాలనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

రెండు హుడ్స్ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది కంటితో తేల్చకండి, కన్ను మోసం చేస్తుంది. టైలర్ టేప్‌తో డ్రాప్ చివర నుంచి లివర్ కొస దాకా కొలవండి, రెండు వైపులా అంకె ఒకటే రావాలి. లేదా రెండు హుడ్స్ మీదా పొడవాటి స్కేల్ అడ్డంగా పెట్టి ముందునుంచి చూడండి. నాకు ఎడమచేతికే ఎక్కువ తిమ్మిరి ఎందుకొచ్చిందో టేప్ పెట్టి కొలిచాక అర్థమైంది. ఎడమది తొమ్మిది మి.మీ. కిందికుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని స్క్రూ. లివర్ హ్యాండిల్ నుంచి ఎంత దూరంలో ఉండాలో సెట్ చేసే చిన్న స్క్రూ. మీ మోడల్ పేరు కొట్టి మాన్యువల్ చూస్తే అది ఎక్కడుందో దొరుకుతుంది. కొన్నిటికి లివర్ పైన, కొన్నిటికి రబ్బరు కింద. కొన్ని పాత తక్కువ ధర లివర్లలో స్క్రూ బదులు చిన్న రబ్బరు ముక్క దూర్చాలి.

మా గ్రూప్‌లో ఒక అక్క ఉంది. చిన్న చేతులు. రెండేళ్లుగా తొక్కుతోంది, మా అందరికంటే ఎక్కువ కిలోమీటర్లు. కానీ దిగుడు వస్తే చాలు, అందరికంటే వెనక. మేము 'అక్కకి భయం' అని జోకులు. ఒక ఆదివారం నేను ఆ సైకిల్ ఎక్కి డ్రాప్స్ పట్టుకుని చూశాను. లివర్ నాకే సాగదీస్తే తప్ప అందట్లేదు. ఆవిడకి ఎలా అందుతుంది? భయం కాదది, బ్రేక్ అందకపోవడం. హోటల్ ముందు ఇడ్లీ వచ్చేలోపు రెండు వైపులా స్క్రూ తిప్పాం. ఆ రోజు దిగుడులో ఆవిడ మా ముందే ఉంది. జోకులు వేసినందుకు నాకు సిగ్గేసింది, నిజం చెప్తున్నా.

ఎంత దూరం ఉండాలి? డ్రాప్స్ పట్టుకుని, పట్టు వదలకుండా, చూపుడువేలు చాపితే మొదటి కణుపు లివర్ మీద మడత పడాలి. కొస తగిలితే చాలదు. హుడ్స్ నుంచి కూడా ఒకటి రెండు వేళ్లు అలాగే చుట్టుకోవాలి. లివర్ దగ్గరికి తెచ్చాక తప్పకుండా ఇంకో పరీక్ష. పూర్తి బలంతో నొక్కండి. లివర్ హ్యాండిల్‌కి తగిలిందంటే బ్రేక్ పూర్తిగా పడటం లేదని అర్థం. కేబుల్ బ్రేక్ అయితే బ్యారెల్ అడ్జస్టర్ తిప్పి కేబుల్ బిగించాలి, హైడ్రాలిక్ అయితే అవసరమైతే మెకానిక్‌కి చూపించాలి. అది సరిచేయకుండా రోడ్డెక్కొద్దు. పనిలో పనిగా ఏ లివర్ ఏ చక్రానిదో కూడా చూసుకోండి. బయటినుంచి తెప్పించిన సైకిళ్లలో ఎడమది ముందు చక్రానికి ఉంటుంది, బండి నడిపే అలవాటున్న మనకి కుడిచేయి ముందు బ్రేక్ అని మెదడులో ముద్ర పడిపోయి ఉంటుంది. ఈ రెండూ గుద్దుకుంటే ప్రమాదమే.

బిగించడం. స్టెమ్ మీద అంకె రాసి ఉంటుంది, ఎక్కువగా నాలుగు నుంచి ఆరు న్యూటన్ మీటర్ల మధ్య. అది ఆ స్టెమ్‌కి దేవుడి వాక్కు. నాలుగు బోల్టుల్ని ఒకేసారి కాదు, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా, మంచానికి నవారు బిగించినట్టు. మూత పైన, కింద సందు సమంగా రావాలి. కొన్ని స్టెమ్‌లలో పై సందు పూర్తిగా మూసేయాలని రాసి ఉంటుంది, అలా ఉంటే అదే చేయండి. హుడ్ క్లాంప్‌కి షిమానో చెప్పేది ఆరు నుంచి ఎనిమిది. కార్బన్ హ్యాండిల్ అయితే ఆ హ్యాండిల్ కంపెనీ రాసిన హద్దు దాటకండి, కార్బన్ పేస్ట్ కొంచెం రాస్తే తక్కువ బిగింపులోనే జారకుండా ఉంటుంది. టార్క్ రెంచ్ లేకపోతే గ్రూప్‌లో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది, అడగండి. చేతి లెక్కతో బిగించి కార్బన్ పగలగొట్టుకున్నవాళ్లని చూశాను. కేబుళ్లు ఫ్రేమ్ లోపలికి పోయే ఒకే ముక్క హ్యాండిల్ అయితే, స్టెమ్‌లో తిప్పడం అనేదే ఉండదు, దాన్ని షాపులోనే చేయించండి.

బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హుడ్స్ మీద ఒంటి బరువు మొత్తం వేసి కిందికి నొక్కండి. కదిలితే ఇంట్లోనే కదలాలి, రోడ్డు మీద కాదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, హుడ్ పైకి జరిపినప్పుడు కేబుల్ లాగుతుందేమో తెలుస్తుంది.

తమ్ముడు అడుగుతున్నాడు, 'హ్యాండిల్ వెడల్పు సంగతేంటి?' అని. మంచి ప్రశ్న. భుజాల ఎముకల కొసల మధ్య కొలత తీసుకుని దానికి దగ్గరది వాడటం పాత పద్ధతి, ఇప్పటికీ మొదలుపెట్టడానికి పర్వాలేదు. 42 సెం.మీ. హ్యాండిల్ మీ భుజాలకి వెడల్పు అయితే చేతులు బయటికి తెరుచుకుంటాయి, మెడ వెనక నొప్పి. 40, 38 కూడా దొరుకుతాయి. స్టెమ్ పొడవు మార్చాలా అంటే, ఇవాళ చెప్పినవన్నీ చేసి, రెండు వారాలు తొక్కి, అప్పటికీ మోచేతులు తిన్నగా సాగిపోయి ఉంటే పది మి.మీ. పొట్టి స్టెమ్ వేసి చూడండి. ముందే కొనకండి. టైర్‌లో గాలి రాయిలా నింపి 'చేతులు అదురుతున్నాయి' అనేవాళ్లు పోయిన ఎపిసోడ్ చూడండి.

ఇక తొక్కి చూడటం. ఒక్కసారికి ఒక్క మార్పే. ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ పైకప్పున్న సైకిల్ ట్రాక్ ఉంది కదా, ఇలాంటి పనికి అది బాగుంటుంది, అలెన్ కీ జేబులో పెట్టుకుని పోతే ఆగి సరిచేసుకోవచ్చు. అరగంట తొక్కి ఒక ఫ్రెండ్‌తో పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించండి. మీరు కెమెరా చూసి సరిగ్గా కూర్చుంటారు, అందుకే చెప్పకుండా తీయమనండి. అలిసిపోయాక మణికట్టు ఎలా ఉందో అప్పుడు కనిపిస్తుంది. నాది నాలుగు ఆదివారాలు పట్టింది. సీటు సమం చేశాను, హుడ్స్ లేపాను, ఎడమది కుడిదానితో కలిపాను, లివర్లు దగ్గరికి తెచ్చాను. మొత్తం ఖర్చు ఒక బార్ టేప్. ఎంత బాగా సెట్ చేసినా గంటల తరబడి ఒకే పట్టు వద్దు, పది నిమిషాలకోసారి టాప్స్, హుడ్స్, డ్రాప్స్ మారుస్తూ ఉండండి.

నా చిటికెన వేలికి పూర్తిగా స్పర్శ రావడానికి అయిదు వారాలు పైనే పట్టింది. తర్వాత ఏడాది అదే 300 మళ్లీ తొక్కాను. ఇంటికొచ్చి తాళం తీసుకున్నాను, చేత్తోనే అన్నం కలుపుకున్నాను. అమ్మ స్పూన్ తీయలేదు.

మీ సైకిల్ పక్కనుంచి తీసిన ఫోటో పంపండి, హుడ్స్ కనిపించేలా. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో అయిదారు తీసుకుని స్క్రీన్ మీద గీతలు గీసి చూద్దాం. ఫోటో తీసేటప్పుడు ఫోన్ హ్యాండిల్ ఎత్తులో పట్టుకోండి, పైనుంచి తీస్తే కోణం తప్పు వస్తుంది. మూడో విజిల్ వచ్చింది, స్టవ్ కట్టేయాలి. ఉంటాను.